సున్నా నంబరు పేపరు

"నలభై ఒకటి నాన్నా. ఒకటీ అరా కాదు. నావి నలభై ఒక్క పేపర్లు మీ పేజీలో కూర్చున్నాయి."

కూతురు సున్నా చేతిలోని కాగితాలు బల్ల మీద పడేసింది. ఆఫీసు నుంచి పుట్టింటికి ఎలా వచ్చిపడిందో ఆమెకే తెలియదు. వీధి తలుపు బార్లా తీసే ఉంది. ఒక కాలికి చెప్పు ఇంకా అలాగే ఉంది.

మాస్టారు కుర్చీలోంచి లేవలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు. ముప్పై నాలుగేళ్ళు కంప్యూటర్ సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, హోంవర్కు చెయ్యకుండా బడికొచ్చిన పిల్లవాడిలా కూతురి ముందు కూర్చున్నారు.

"కాస్త మెల్లగా మాట్లాడు. ఫోన్లో మీ మేనత్త ఉంది," అంది తల్లి, రిసీవరు అరచేత్తో మూసి. "తొంభై మూడో ర్యాంకంటే వందకి తొంభై మూడు మార్కులా అని అడుగుతోంది. ఏం చెప్పను?"

"తర్వాత మాట్లాడతానని చెప్పి పెట్టెయ్యమ్మా."

సోమవారం నుంచి ఇంట్లో ఇదే వరస. దేశంలోని కంప్యూటర్ సైన్సు పరిశోధకుల్లో మొదటి వందమంది జాబితా ఆ రోజే వచ్చింది. ఒకరు రాసిన పరిశోధన పేపరును ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు పేర్కొన్నారో లెక్కపెడతారు. ఆ పేర్కొనడాన్నే సైటేషన్ అంటారు. ఆ లెక్కలో మాస్టారు తొంభై మూడో స్థానంలో ఉన్నారు. పాత శిష్యులు పూలగుత్తులు పంపారు. పనిచేసిన డిపార్టుమెంటువాళ్ళు వరండాలో ఫొటో పెడతామన్నారు. ఆయన ఆ ఫొటో కోసం నీలం చొక్కా ఇస్త్రీకి కూడా ఇచ్చారు. నాలుగు రోజులుగా అద్దం ముందు ఆగి మరీ వెళుతున్నారు.

సున్నా కూడా సంబరపడింది. అందరికంటే ఎక్కువే సంబరపడింది. ఈ మధ్యాహ్నం ఒంటిగంటకు ఎంపిక కమిటీ గుమాస్తా ఫోను చేసేదాకా.

"మేడమ్, మీ హెచ్ ఇండెక్స్ ఆరు చూపిస్తోంది. ఇరవై లేకపోతే ఈ సాయంత్రం ఐదింటికి మీ దరఖాస్తు దానంతటదే పక్కకెళ్ళిపోతుంది. నా చేతుల్లో ఏం లేదు."

ఆరు. సున్నాకు మొదట నవ్వొచ్చింది. హెచ్ ఇండెక్స్ ఇరవై కావాలంటే ఇరవై పేపర్లుండాలి, ఒక్కొక్కదానికి కనీసం ఇరవై సైటేషన్లుండాలి. పోయిన నెలలోనే ఆమెకు సరిగ్గా ఇరవై వచ్చింది. అది చూసుకునే దరఖాస్తు పెట్టింది. కొత్తగా పెడుతున్న పరిశోధన కేంద్రానికి అధిపతి ఉద్యోగం అది. ఆ కేంద్రం ఊహే ఆమెది. మూడేళ్ళు తిరిగి, నివేదికలు రాసి, కాదన్నవాళ్ళను ఔననిపించింది. ఇప్పుడు దాని గుమ్మంలో ఆమెనే ఆపుతున్నారు.

ఆమె సైటేషన్లు లెక్కపెట్టే వెబ్‌సైటులో తన పేజీ తెరిచి చూసింది. యాభై రెండు పేపర్లకు పదకొండు మిగిలాయి. మిగతావి ఎక్కడున్నాయో వెతకడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తండ్రీ కూతుళ్ళది ఇంటిపేరు ఒకటే, పేరులో మొదటి అక్షరం ఒకటే; ఎక్కువ పేపర్ల మీద అచ్చయ్యేది ఆ రెండే. కూతురి పేరు తన అక్షరంతోనే మొదలవ్వాలని ముప్పై తొమ్మిదేళ్ళ కిందట మాస్టారు ముచ్చటపడ్డారు. ఆ ముచ్చట ఇవాళ ఇలా తిరిగొచ్చింది.

"యంత్రం కలిపేసి ఉంటుంది," అన్నారు మాస్టారు.

"యంత్రం కలపదు నాన్నా. అడుగుతుంది. ఈ పేపరు మీదేనా అని ఒక్కొక్కటీ అడుగుతుంది. పక్కన నాది, నాది కాదు అని రెండు బటన్లుంటాయి. అన్నిటికంటే కింద ఇంకో బటనుంటుంది." సున్నా ఆగింది. "మీరేది నొక్కారు?"

మాస్టారు కిటికీ వైపు చూశారు.

"నాన్నా."

"కిందది."

"దాని మీద ఏమని రాసుంది?"

"నీకు తెలుసుగా."

"మీ నోటితో వినాలి."

"అన్నీ నావే," అన్నారు మాస్టారు.

ఆ రెండు మాటలకు తల్లి రిసీవరు పెట్టేసింది. అవతల మేనత్త ఇంకా మాట్లాడుతూనే ఉంది.

సున్నాకు కోపం కంటే ముందు అవమానం తన్నుకొచ్చింది. ఊళ్ళోవాళ్ళెవరో చేసుంటే కేసు పెట్టేది. ఇది తనకు అంకెలు నేర్పిన మనిషి చేసిన పని. ఇంటి కుక్కపిల్లకు అన్నం పెట్టినా ఎన్ని ముద్దలో లెక్క చెప్పే మనిషి. అంకెలు నేర్పడం కూడా అందరిలా ఒకటి నుంచి కాదు, కంప్యూటరు లెక్కపెట్టినట్టు సున్నా నుంచి. మూడేళ్ళ పిల్ల మెట్లెక్కుతూ "సున్నా, ఒకటి, రెండు" అని మొదలుపెడితే ఇంటికొచ్చినవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల్లోంచే ఆమెకు ఈ పేరొచ్చింది. పెళ్ళయినా, డాక్టరేటొచ్చినా ఇంట్లో ఆమె సున్నాయే.

"నాలుగు రోజుల్నుంచి నాతో కూర్చుని నవ్వారు. నా చేత కేకు కూడా కోయించారు. ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"అనిపించింది."

"మరి?"

"సంతోషంగా ఉన్నాను," అన్నారాయన.

గోడ గడియారం రెండూ ముప్పై ఐదు చూపిస్తోంది. ఆమె రెండో చెప్పు కూడా విసిరేసి, సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, పూలగుత్తులను పక్కకు తోసి, తండ్రికి ఎదురుగా బల్ల మీద పెట్టింది.

"కోపం తర్వాత పడతాను. ముందు నావి నాకిచ్చెయ్యండి."

ఇవ్వడం నొక్కినంత తేలిక కాదని అప్పుడు తెలిసింది. మాస్టారు బల్ల మీది తన కంప్యూటరులో ఒక పేపరు పక్కన "నాది కాదు" అని నొక్కాలి. ఎవరిదో ఆ పేరు ఎంచుకోవాలి. అప్పుడు సున్నా ఫోనుకు నాలుగంకెలు వస్తాయి. ఆ అంకెలు ఆమె తన తెర మీద టైపు చేస్తేనే పేపరు ఆమె పేజీలోకి వస్తుంది. లేకపోతే తిరిగి మాస్టారి దగ్గరికే పోతుంది. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు. నలభై ఒకటికి లెక్కేస్తే ఐదింటికి దాదాపు సరిపోతుంది, ఎక్కడా తడబడకపోతే.

"ఫోనూ చూసి, టైపూ చేసి, నా ఒక్కదాని వల్ల కాదు," అని ఆమె మొగుడికి ఫోను చేసింది.

వీధిలో అందరూ అద్దాలాయన అని పిలిచే ఆమె మొగుడు పది నిమిషాల్లో వచ్చాడు. పక్కవీధిలో కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. విషయం విని అత్తగారి వంకా మామగారి వంకా చూశాడు.

"మామయ్యగారూ, దూరం చూపుకి అద్దాలిచ్చింది నేనే. దగ్గర చూపు కూడా పరీక్ష చెయ్యాల్సింది. కూతురి పేరూ మీ పేరూ ఒకేలా కనిపించాయంటే తప్పు నాదే."

"జోకులు తర్వాత. ఇదిగో ఫోను. అంకెలొస్తే చదువు, అంతే," అంది సున్నా.

మాస్టారు ఒక పాత నోటుపుస్తకం తీశారు. కూతురి పేపర్లన్నీ అందులో పెన్సిల్‌తో వరసగా రాసుకున్నారు, ఎప్పుడు అచ్చయింది, ఎక్కడ అచ్చయింది అన్నీ. నంబర్లు సున్నా నుంచి నలభై దాకా ఉన్నాయి.

"వెనక నుంచి మొదలుపెడదాం," అన్నారు.

ఆ మాట సున్నా చెవిలో ఎక్కడో తగిలింది. ఎక్కడ విన్నదో ఆలోచించే తీరిక లేదు.

"నలభై," అన్నారు మాస్టారు. నొక్కారు.

ఫోను టింగుమంది. "రెండు, ఎనిమిది, ఎనిమిది, ఒకటి," అని చదివాడు అద్దాలాయన. సున్నా టైపు చేసింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. పేపరు వచ్చింది.

"ముప్పై తొమ్మిది."

మూడో పేపరుకు ఆరు కాస్తా ఏడయింది. తల్లి బల్ల చివర నిలబడి చప్పట్లు కొట్టబోయి, మొగుడి మొహం చూసి చేతులు దించుకుంది. ఏడు ఎనిమిదయింది. మధ్యలో నెట్‌వర్కు ఆగిపోతే అద్దాలాయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఫోను పట్టుకున్నాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. "సిగ్నలు పడుతున్నాను, చేపలు కాదు," అని వాళ్ళకు చెప్పాడు. తొమ్మిది. పది.

పది వచ్చేసరికి సున్నా కోపం సంగతి మర్చిపోయింది. అది ఆమె స్వభావం. అంకె కదులుతుంటే చాలు, ప్రాణం అక్కడికి పోతుంది. కాళ్ళు పైకి పెట్టుకుని కుర్చీలో కూర్చుని, ప్రతి అంకెనూ టపటపా కొడుతూ, "తర్వాత, తర్వాత" అంటోంది. నుదుటి మీద చెమట తుడుచుకోవడం కూడా లేదు.

కానీ ఒక సంగతి ఆమె గమనించకుండా ఉండలేకపోయింది. మాస్టారు ఒక్కో పేపరూ ఊరికే ఇవ్వడం లేదు.

"ఇరవై ఆరు. ఇది నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మంచంలో రాసింది. నాలుగో పేజీలో బొమ్మ బావుంటుంది."

"ఇరవై ఐదు. ఇందులో ఒక చిన్న తప్పుంది. రెండో సూత్రంలో. ఎవరూ పట్టుకోలేదు, నేనూ చెప్పలేదు."

"ఇరవై నాలుగు. ఇది నాకు అర్థం కాలేదు. మూడుసార్లు చదివాను."

సున్నా వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తన పేపర్లు నాన్న చదువుతారని ఆమెకు తెలియదు. ఆయన ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. తాను రాసిన వాటిలో కూతురి పేపరును ఒక్కసారి కూడా పేర్కొనలేదు. అది ఆమెకు లోపల ముల్లులా ఉండేది.

"ఇన్ని చదివినవారు ఒక్కటైనా సైట్ చెయ్యలేదేం నాన్నా?"

"కూతురికి అంకెలు పెంచుతున్నాడంటారని."

"పెంచకపోగా మొత్తం లాగేసుకున్నారు," అంది తల్లి. నలుగురూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు.

ఆ నవ్వులో ఫోను మోగింది. డిపార్టుమెంటు నుంచి. వరండాలో ఫొటోకు ఎంత సైజు ఫ్రేము చెప్పమంటారని అడుగుతున్నారు. మాస్టారు తన తెర వంక చూశారు. ఈ మధ్యాహ్నం దాకా ముప్పై ఒకటి ఉన్న ఆయన అంకె పంతొమ్మిదికి దిగింది. ఇంకా దిగుతోంది.

"ఫ్రేము వద్దండీ," అన్నారు ఫోనులో. "నా ర్యాంకు తప్పు. రేపు నేనే వచ్చి చెబుతాను."

పెట్టేసి, "ఇరవై మూడు," అన్నారు. గొంతులో ఏ మార్పూ లేదు. సున్నా మాత్రం ఆ నాలుగంకెలూ రెండుసార్లు తప్పు టైపు చేసింది.

నాలుగింటికి పద్నాలుగు. నాలుగుంబావుకు పదహారు. పదిహేడు రావడానికి చాలాసేపు పట్టింది, చక్రం తిరుగుతూనే ఉంది. తల్లి టీ కప్పులు తెచ్చి బల్ల మీద చోటు లేక చేతుల్లోనే పట్టుకుని నిలబడింది. పద్దెనిమిది. అద్దాలాయన గొంతు బొంగురుపోయింది. నాలుగూ నలభైకి, ఒకటో నంబరు పేపరు వచ్చేసరికి పంతొమ్మిది.

"ఇంకొక్కటి," అంది సున్నా. లేచి నిలబడింది. "ఇంకొక్కటి నాన్నా, అయిపోయింది. ఇవ్వండి. సున్నా నంబరు."

మాస్టారు నొక్కలేదు.

మౌస్ మీద చెయ్యి ఉంది. బాణం గుర్తు రెండు బటన్ల మధ్య నిలబడింది. కదలడం లేదు.

"నాన్నా, ఇరవై నిమిషాలుంది."

"తెలుసు."

సున్నా నంబరు పేపరు ఆమె మొదటి పేపరు. పదిహేడేళ్ళ కిందటిది. పొడవాటి జాబితాల్లో వెతికిన చోటే మళ్ళీ వెతక్కుండా తప్పించే పద్ధతి అది. ఆరువందల పన్నెండు సైటేషన్లు. ఆమెకు పేరు తెచ్చింది అదే. ఎక్కడ మాట్లాడడానికి పిలిచినా ముందు దాని గురించే అడుగుతారు.

"ఆ రోజు కూడా ఇక్కడే ఆగాను," అన్నారు మాస్టారు. ఆయన కూతురి వైపు చూడడం లేదు. "ఈ పేజీ తెరిచిన రోజు. నలభై నుంచి ఒకటి దాకా చూశాను. అన్నీ నీవే, అనుమానం లేదు. దీని దగ్గరికొచ్చాను. నాది అని నొక్కితే నీది లాక్కున్నట్టు. కాదు అని నొక్కితే..." ఆగారు. "అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. అరగంట కూర్చున్నాను. చివరికి విసుగొచ్చి కింద బటను నొక్కాను. దీని ఒక్కదానికి విడిగా జవాబు చెప్పక్కర్లేదని. పొద్దున్నే సరిచేద్దామనుకున్నాను. వాయిదా వేస్తూ పోయాను. ఈలోగా జాబితా వచ్చింది. ఫోన్లొచ్చాయి. సరిచెయ్యలేదు. అది నా తప్పే."

"అబద్ధమేంటి? ఈ పేపరు నాది నాన్నా."

టీ కప్పులు రెండూ నేల మీద పెట్టి తల్లి వీధివైపు గదిలోకి వెళ్ళింది. ఆ గదిలో ఆమె ఒకప్పుడు టైపింగ్ సెంటరు నడిపింది. ఊళ్ళో సగంమంది పరిశోధన పత్రాలు ఆమె వేళ్ళ మీదుగానే వెళ్ళాయి. సొరుగు లాగిన చప్పుడైంది. దారపుండలు నేల మీద దొర్లిన చప్పుడైంది.

ఆమె తెచ్చింది సొరుగు అడుగున పరుచుకున్న కాగితం. పాతబడి పసుపెక్కింది. రాత ఉన్న వైపు కిందికి ఉండడంతో ఇన్నేళ్ళూ ఎవరూ చూడలేదు. తిప్పి బల్ల మీద పెట్టింది.

సున్నా నంబరు పేపరు మొదటి ప్రతి అది. పైన పేరు. పేరు కింద రచయితల వరస. అందులో ఒకే ఇంటిపేరు, ఒకే అక్షరం, పక్కపక్కన రెండుసార్లు ఉన్నాయి. రెండో దాని మీద ఆకుపచ్చ సిరా గీత ఉంది.

ఆకుపచ్చ సిరా వాడేది ఆ ఇంట్లో ఒక్కరే.

సున్నాకు "వెనక నుంచి" అన్న మాట ఎక్కడ విన్నదో అప్పుడు గుర్తొచ్చింది. ఈ బల్ల దగ్గరే. ఇరవై రెండేళ్ళ వయసులో, లెక్క తెగక ఏడుస్తుంటే, నాన్న "వెనక నుంచి లెక్కపెట్టి చూడు" అని, పెన్సిల్ తీసుకుని నాలుగు పేజీలు రాసిచ్చారు. పేపరంతా ఆ నాలుగు పేజీల మీదే నిలబడింది. నాన్న తన పేరు వద్దన్నారని పదిహేడేళ్ళుగా ఆమె అందరికీ చెబుతోంది. చెప్పీ చెప్పీ తనే నమ్మేసింది.

"పేరు రెండుసార్లు పడితే అచ్చుతప్పనుకుంటారని కొట్టేశాను," అంది. "అలా అన్నాను కదమ్మా నీతో?"

"అన్నావు. నేను వేరేగా ఏమీ అనలేదు. నువ్వు చెప్పినట్టే టైపు చేశాను," అంది తల్లి. "కానీ ఒకటుంది. నేనెప్పుడూ పెద్దవాళ్ళ పేరు ముందు టైపు చేస్తాను. ఆ ముందున్నది ఆయన పేరు. నువ్వు కొట్టేసింది నీ పేరు."

అద్దాలాయనకు జోకు తట్టకపోవడం అదే మొదటిసారి.

అచ్చయిన పేపరు మీద మిగిలిన ఆ ఒక్క పేరు నాన్నది. చదివినవాళ్ళకు ఆ తేడా తెలియదు. యంత్రానికీ తెలియదు. తెలిసినవాళ్ళు ఈ గదిలో ఉన్న నలుగురే.

"అయితే ఇద్దరిదీ అని నొక్కండి," అంది తల్లి.

"ఆ బటను లేదు," అన్నారు మాస్టారు. "అచ్చులో ఉన్న పేర్లే లెక్క. రెండు పేర్లూ ఉండుంటే ఇద్దరికీ పూర్తిగా పడేది. సగం సగం చెయ్యదు ఈ యంత్రం. ఎంతమంది రాస్తే అంతమందికీ మొత్తం లెక్కే." ఆయన చిన్నగా నవ్వారు. "నీకు ఒక్కటి కూడా తగ్గేది కాదు సున్నా."

సున్నాకు కొట్టినా తిట్టినా ఇంత బాధగా ఉండేది కాదు. ఏమీ పోని చోట ఏదో పోతుందని భయపడి, ఒక గీత గీసింది. అంతే.

"ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదు నాన్నా?"

"అడిగితే ఇచ్చేసేదానివి. అందుకే అడగలేదు."

ఐదుకు ఐదు నిమిషాలు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, బాణం గుర్తును జరిపి, "నాది కాదు" అని నొక్కారు. నొక్కిన చప్పుడు గదంతా వినిపించింది.

"నాన్నా, అబద్ధమన్నారు."

"ఇందాక అబద్ధమే. పదిహేడేళ్ళ కిందట నువ్వు అడగకుండా తీసుకున్నావు. ఇప్పుడు నేనిస్తున్నాను. రెండూ ఒకటి కాదు."

ఫోను టింగుమంది.

"వద్దు. చదవకు," అంది సున్నా మొగుడితో.

"చదవండి అల్లుడుగారూ," అన్నారు మాస్టారు.

"ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఈయన అంత సంతోషంగా రాసింది ఆ నాలుగు పేజీలే," అంది తల్లి. ఎవరి తరఫున మాట్లాడుతోందో ఆమెకే తెలిసినట్టు లేదు. "రాత్రి నాకు చదివి వినిపించారు కూడా. నాకొక్క ముక్క అర్థం కాలేదు."

"మూడేళ్ళు ఆ కేంద్రం కోసం తిరిగింది ఎవరు?" అన్నారు మాస్టారు భార్యతో. "అమ్మాయి అంకె ఒకటి తక్కువైందని వేరేవాణ్ణి తెచ్చి కూర్చోబెడతారు. అప్పుడు ఆ నాలుగు పేజీలు నేనేం చేసుకోను?"

ఐదుకు మూడు నిమిషాలు. అద్దాలాయన ఫోను పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. పెళ్ళాం మొహం చూశాడు, మామగారి మొహం చూశాడు.

"ఏడు," అన్నాడు నెమ్మదిగా.

మళ్ళీ కుర్చీలో కూర్చున్న సున్నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. తెర మీద గీత మినుకుమినుకుమంటోంది. ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన తల ఊపారు, చిన్నప్పుడు మెట్టు మీద ఆగిపోతే ఊపినట్టే. ఆమె వేలు తనకు తెలియకుండానే లేచి ఏడు కొట్టింది.

"మూడు."

కొట్టింది.

"తొమ్మిది."

కొట్టింది. ఒక్క అంకెకు చోటు మిగిలింది. బల్ల మీద పసుపెక్కిన కాగితం ఆమె మోచేతి కిందే ఉంది. ఆకుపచ్చ గీత ఇంకా నిన్న గీసినట్టే ఉంది.

అద్దాలాయన ఫోను వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తాడు.

"సున్నా," అన్నాడు.

అంకె చదివాడో, పెళ్ళాన్ని పిలిచాడో ఆ గదిలో ఎవరికీ తెలియలేదు. ఆమె వేలు సున్నా మీట మీదికి వెళ్ళి ఆగింది.